ఎర్ర గొడుగు... తెల్ల చుక్కలు... లోన విషం!

బొమ్మల పుస్తకాల్లో అది ముద్దొస్తుంది. అడవిలో కనిపిస్తే చేయి దానంతటదే ముందుకెళ్తుంది. తింటే మాత్రం బుర్ర గిర్రున తిరుగుతుంది. దేవతల పానీయమనీ దెయ్యాల తిండనీ, అదృష్టమనీ ఆపదనీ వందల ఏళ్లుగా మనిషిని ఊరిస్తూ, భయపెడుతూ వస్తున్న ఓ పుట్టగొడుగు కథ ఇది.

పిల్లల చేతికి రంగు పెన్సిళ్లిచ్చి పుట్టగొడుగు బొమ్మ వేయమనండి. చాలామంది ఎర్రటి టోపీ వేస్తారు. దానిమీద తెల్లటి చుక్కలు పెడతారు. మన పొలంగట్ల మీదా పుట్టల పక్కనా మొలిచేవేమో తెల్లగానో బూడిదరంగులోనో ఉంటాయి. మరి మన పిల్లలకు ఆ ఎర్రటి గొడుగు ఎక్కడ దొరికింది? కార్టూన్లలో, వీడియోగేముల్లో, సెల్‌ఫోన్‌లో పంపుకునే బుల్లి బొమ్మల్లో. నీలిరంగు స్మర్ఫులు కాపురముండేది అలాంటి ఇళ్లలోనే. మారియో ఆటలో పుట్టగొడుగు తగిలితే చాలు, హీరో అమాంతం పెద్దవాడైపోతాడు.

అది ఎవరో చిత్రకారుడు ఊహించి వేసిన బొమ్మ కాదు. నిజంగానే ఉంది. ఇంగ్లిషులో దాని పేరు ఫ్లై అగారిక్. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు అమనిటా మస్కేరియా. అది విషపూరితం. తిన్నవారికి లేనివి ఉన్నట్టు, చిన్నవి పెద్దవైనట్టు అనిపిస్తాయి. ఇంత ప్రమాదకరమైనది పిల్లల పుస్తకాల్లోకి ఎలా వచ్చి కూర్చుంది? తెలుసుకోవాలంటే సైబీరియా మంచు ఎడారుల నుంచి ఋగ్వేదం దాకా చాలా దూరమే ప్రయాణించాలి.

ఈగల మందు

ఈ పుట్టగొడుగును యూరప్‌లోని చాలా భాషల్లో పిలిచే పేరు మధ్యలో ఓ ఈగ ఉంటుంది. జర్మన్లు ‘ఈగ పుట్టగొడుగు’ అంటారు. ఫ్రెంచివాళ్లు ‘ఈగల్ని చంపేది’ అంటారు. రష్యన్ల ‘ముఖమోర్’ అర్థమూ అదే. లాటిన్‌లో మస్కా అంటే ఈగ. మస్కేరియా అన్న శాస్త్రీయనామం అందులోంచే వచ్చింది.

కారణం చాలా మామూలుది. యూరప్ పల్లెల్లో ఈగల బెడద ఎక్కువైనప్పుడు ఈ పుట్టగొడుగును ముక్కలు చేసి, ఓ గిన్నెలో పాలు పోసి అందులో వేసి కిటికీ దగ్గర పెట్టేవారు. పాల కోసం వచ్చి వాలిన ఈగలు అక్కడే పడిపోయేవి. పదమూడో శతాబ్దానికి చెందిన పండితుడు ఆల్బర్టస్ మాగ్నస్ అప్పట్లోనే ఈ చిట్కా గురించి రాశాడు. మొక్కలకూ జంతువులకూ శాస్త్రీయంగా పేర్లు పెట్టే పద్ధతిని నేర్పిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీన్ని తన గ్రంథంలో చేర్చాడు. అయితే ఇందులో ఓ చిన్న తిరకాసుంది. ఆ పాలు తాగిన ఈగలన్నీ చచ్చిపోవు. చాలామటుకు మత్తులో పడిపోతాయంతే. ఊడ్చి బయట పారేయకపోతే కాసేపటికి లేచి మళ్లీ ఎగిరిపోతాయి!

చెట్టుతో చెలిమి

ఫ్లై అగారిక్ పుట్టుకే ఓ ముచ్చట. నేలలోంచి మొదట తెల్లటి కోడిగుడ్డులా పైకి వస్తుంది. ఆ గుడ్డు చుట్టూ ఓ తెల్లటి పొర ఉంటుంది. లోపలి టోపీ పెరిగేకొద్దీ పొర పిగిలి ముక్కలు ముక్కలుగా టోపీకే అంటుకుపోతుంది. మనం చూసి మురిసిపోయే తెల్లచుక్కలు అవే. ఓ గట్టి వాన పడితే చుక్కలు కడుక్కుపోయి ఉత్త ఎర్రటోపీ మిగలొచ్చు. అందుకే ‘చుక్కలు లేవు కదా, ఇది వేరే రకం’ అనుకుని మోసపోయేవాళ్లున్నారు. బాగా ఎదిగిన టోపీ 20 సెంటీమీటర్ల వెడల్పు దాకా ఉంటుంది. అంటే దాదాపు మన జానెడు.

ఇది ఒంటరిగా బతకలేదు. బర్చ్, పైన్, స్ప్రూస్ లాంటి చెట్ల వేళ్లను అల్లుకుని ఉంటుంది. చెట్టుకు నేలలోని ఖనిజాలూ నీళ్లూ అందించి, బదులుగా చెట్టు ఆకుల్లో తయారైన చక్కెరను తీసుకుంటుంది. ఇచ్చిపుచ్చుకోవడమన్నమాట. అందుకే యూరప్, ఆసియా, ఉత్తర అమెరికాల్లోని చలి అడవులే దీని పుట్టిల్లు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాల్లో ఒకప్పుడు ఇది లేదు. అక్కడ నాటడానికి పైన్ చెట్లను తీసుకెళ్తే వేళ్లతోపాటు ఇదీ వెళ్లిపోయింది. మన నీలగిరుల్లో పైన్ తోటల నీడన కూడా ఇలాగే కనిపిస్తుంది. వేడి ఎక్కువగా ఉండే తెలుగునేల మైదానాల్లో దానికి కావలసిన తోడుచెట్టే లేదు కాబట్టి మన చేలల్లో మొలవదు.

బొంతకాకి బలం

ఈగల సంగతి సరే, దీన్ని మనుషులు తినడమేమిటి? ఆ కథ రష్యా తూర్పు కొసన ఉన్న కమ్చట్కాలో వినాలి. అక్కడి కొర్యాక్ తెగవారు రెయిన్‌డీర్లను మేపుకుంటూ, సముద్రంలో వేటాడుకుంటూ బతికేవారు. వాళ్ల పురాణాల్లో మొదటి మనిషీ, మొదటి వీరుడూ ఓ పెద్ద బొంతకాకి.

ఒకసారి ఆ బొంతకాకికి ఓ తిమింగలం చిక్కిందట. దాన్ని మళ్లీ సముద్రంలో దింపాలి. దాని ప్రయాణానికి కట్టిన తిండి మూటను ఎత్తబోతే ఎంతకీ లేవలేదు. సాయం చేయమని దేవుణ్ని వేడుకుంది. ఆయన భూమ్మీద ఉమ్మివేశాడు. ఆ తడి పడిన చోట తెల్లటి కాడలతో, చుక్కల ఎర్రటోపీలతో చిట్టి మొలకలు లేచాయి. వాటిని తినగానే బొంతకాకికి ఎక్కడలేని బలం వచ్చి మూటను అలవోకగా ఎత్తేసింది. ‘ఇవి ఎప్పటికీ భూమ్మీదే ఉండాలి, ఇవి చూపించేది నా పిల్లలు చూడాలి’ అని అది కోరుకుందట. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో కొర్యాకుల మధ్య తిరిగిన పరిశోధకుడు జోకెల్సన్ ఈ కథను అక్షరబద్ధం చేశాడు.

కథ ఊరికే పుట్టలేదు. కొర్యాకులు ఆ పుట్టగొడుగును ఎండబెట్టి దాచుకుని పండగల్లో, కొలువుల్లో తినేవారు. సైబీరియా పడమటి వైపు తెగల్లో ఎక్కువగా పూనకం వచ్చి భవిష్యత్తు చెప్పే షామన్లే దాన్ని వాడితే, తూర్పు వైపు మామూలు జనమూ తినేవారు. చుకోట్కాలో పెగ్టిమెల్ నది ఒడ్డున ఉన్న బండల మీద నెత్తిన పుట్టగొడుగుల్లాంటి ఆకారాలు మోస్తున్న మనుషుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. ఆ తెగల నమ్మకంలో పుట్టగొడుగంటే ఉత్త తిండి కాదు, అదొక బుల్లి మనిషి. తిన్నవాడి చేయి పట్టుకుని వేరే లోకాలు చూపిస్తుంది.

ఆ లోకాలు ఎప్పుడూ అందంగా ఉండేవి కావు. 1755లో కమ్చట్కా గురించి పుస్తకం వెలువరించిన రష్యన్ యాత్రికుడు క్రషెనిన్నికోవ్ అక్కడి అనుభవాలు కొన్ని రాశాడు. అది తిన్నవారికి గోడలోని సన్నటి పగులు పెద్ద తలుపులా, గంగాళంలో నీళ్లు సముద్రంలా కనిపించేవట. ఒకాయనకైతే పుట్టగొడుగే ఎదురుగా నిలబడి ఆజ్ఞాపించినట్టు అనిపించింది. మోకాళ్ల మీద కూలబడి తన పాపాలన్నీ అందరి ముందూ ఏకరువు పెట్టేశాడు.

పేదల వాటా

ఈ చరిత్రలో వినగానే ముఖం చిట్లించే ఘట్టం ఒకటుంది. రష్యాతో యుద్ధంలో పట్టుబడి పదేళ్లకు పైగా సైబీరియాలో గడిపిన స్వీడన్ సైనికాధికారి స్ట్రాలెన్‌బర్గ్ 1730లో ఆ వింతను ప్రపంచానికి చెప్పాడు. డబ్బున్న కొర్యాకులు చలికాలానికి కావలసినన్ని పుట్టగొడుగులు కొని నిల్వ చేసుకుని విందులు చేసుకునేవారు. కొనే స్తోమత లేని పేదవాళ్లు ఆ గుడారాల బయట చెక్క గిన్నెలు పట్టుకుని కాచుకునేవారు. లోపలి అతిథి మూత్రవిసర్జనకు బయటికి రాగానే దాన్ని పట్టుకుని తాగేవారు. అలా ఒకరి తర్వాత ఒకరుగా నలుగురైదుగురికి మత్తు ఎక్కేదని మరికొందరు యాత్రికులూ రాశారు.

వినడానికి వెగటుగా ఉన్నా ఇందులో సైన్సు ఉంది. ఈ పుట్టగొడుగులో మత్తెక్కించే పదార్థంలో కొంత భాగం మన శరీరంలో ఏ మార్పూ చెందకుండా మూత్రంతో బయటికి వచ్చేస్తుంది. ప్రయోగశాలలో ఆ పదార్థానికి పేరు పెట్టడానికి రెండు శతాబ్దాల ముందే కొర్యాకులు ఆ విషయం కనిపెట్టేశారు. రెయిన్‌డీర్లకూ ఈ పుట్టగొడుగంటే మహా ఇష్టం. అవి తిని తూలుతుంటే కాపరులు కట్టేసి, మత్తు దిగేదాకా ఆగేవారట.

సోమరసం ఇదేనా?

కథ ఇక్కడ మన దేశం వైపు తిరుగుతుంది. తిప్పింది ఓ అమెరికా బ్యాంకు ఉద్యోగి. పేరు గోర్డన్ వాసన్. 1927లో భార్య వలెంటీనాతో కలిసి కొండ ప్రాంతానికి విహారయాత్రకు వెళ్లాడు. ఆమె రష్యన్. అడవిలో పుట్టగొడుగులు కనిపించగానే పరుగెత్తుకెళ్లి ఒడినిండా కోసుకొచ్చి వండుకు తింది. ఆయనేమో భయంతో వణికిపోయాడు. తెల్లారేసరికి భార్య బతికుండదేమోనని బెంగపడ్డాడు కూడా. ఒకే వస్తువంటే ఓ జాతికి అంత ప్రేమ, ఇంకో జాతికి అంత భయం ఎందుకన్న ప్రశ్న ఆ దంపతుల్ని జీవితాంతం వదల్లేదు.

వాసన్ 1968లో ఓ పుస్తకం ప్రచురించాడు. వేదకాలపు ఋషులు వేనోళ్ల పొగిడిన సోమం మరేదో కాదు, ఈ ఎర్రటోపీ పుట్టగొడుగేనన్నాడు. ఋగ్వేదంలో తొమ్మిదో మండలం మొత్తం సోమం గురించే. అంత వర్ణనలోనూ వేరు, ఆకు, పువ్వు, గింజల ప్రస్తావన కనిపించదనీ, అది కొండల్లో దొరికేదనీ, దాని మెరిసే రంగు పుట్టగొడుగుకే సరిపోతుందనీ వాదించాడు. ఓ మంత్రంలోని మాటలను సైబీరియా మూత్రపు కథతో ముడిపెట్టాడు.

పండితలోకం ఊరుకోలేదు. కేంబ్రిడ్జి సంస్కృత పండితుడు జాన్ బ్రఫ్ 1971లో ఆ వాదనను ఒక్కో మంత్రం దగ్గరా నిలదీశాడు. సోమం తాగినవారికి ఉత్సాహం, చురుకుదనం కలిగినట్టు వేదం చెబుతుంటే ఈ పుట్టగొడుగు తిన్నవారు నిద్రలోకి జారుకుంటారు కదా అన్నది పెద్ద అభ్యంతరం. ఆ మాటకొస్తే వాసనే 1965, 66ల్లో జపాన్‌లో మిత్రులతో కలిసి తిని చూశాడు. చాలామటుకు వికారం, నిద్ర... అంతే! ఎఫెడ్రా అనే పొదే అసలు సోమమని ఎక్కువమంది అంటారు. ఇరాన్ వైపు నుంచి వచ్చిన జొరాస్ట్రియన్లు తమ హవోమ క్రతువులో వాడేది దాన్నే. చర్చ ఇప్పటికీ తెగలేదు.

మన కోనసీమ అగ్రహారాల్లో సోమయాగం చేసిన కుటుంబాలు ఉన్నాయి. వాళ్లు దంచేది సోమలత అనే తీగను. అది మత్తు కోసం కాదు, మంత్రం కోసం. అసలు సోమం దొరకనప్పుడు బదులుగా ఏం వాడాలో శ్రౌతగ్రంథాలే చెప్పాయి. అంటే ఆ కాలానికే అసలుది అరుదైపోయిందన్నమాట.

వీరులూ... క్రిస్మస్ తాతా...

పుట్టగొడుగు దొరికింది కదాని ప్రతి వింతకీ దాన్నే కారణం చేసినవాళ్లూ ఉన్నారు. ఒంటిమీద కవచం లేకుండా పూనకం వచ్చినట్టు యుద్ధానికి దూకిన వైకింగ్ ‘బెర్సర్కర్’ వీరులు ఇది తినే అలా చేశారని 1784లో ఓ స్వీడన్ పండితుడు ప్రతిపాదించాడు. పాత గాథల్లో ఎక్కడా ఆ ఊసే లేదు. 2019లో ఓ పరిశోధకుడు మాత్రం ఆ లక్షణాలు కురసాని వాముకు దగ్గరగా ఉన్నాయన్నాడు.

క్రిస్మస్ తాత సంగతీ అంతే. ఎర్రబట్టలు, తెల్ల అంచులు, ఎగిరే రెయిన్‌డీర్లు... అన్నీ సైబీరియా షామన్ నుంచి వచ్చినవేనని డిసెంబరు వచ్చిందంటే చాలు ఎవరో ఒకరు రాస్తారు. వినడానికి భలేగా ఉంటుంది. కానీ మనకు తెలిసిన తాత రూపం పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో రచయితలూ చిత్రకారులూ కలిసి తీర్చిదిద్దినదని చరిత్రకారులు తేల్చేశారు.

నిజంగా ఉన్న బంధం వేరే. జర్మనీలో ఈ పుట్టగొడుగు అదృష్టానికి గుర్తు. అక్కడ అదృష్టవంతుణ్ని ‘అదృష్టపు పుట్టగొడుగు’ అని పిలుస్తారు. కొత్త సంవత్సరం శుభాకాంక్షల కార్డుల మీద నాలుగాకుల గడ్డి, గుర్రపు నాడాలతోపాటు ఇదీ ఉంటుంది. పిల్లల పుస్తకాల్లోకీ క్రిస్మస్ చెట్ల మీదికీ చేరింది ఆ దారిలోనే.

1865లో వచ్చిన ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ కూడా తన వంతు చేసింది. అందులో ఆలిస్ ఓ పుట్టగొడుగు ఒకవైపు కొరికితే పొడుగవుతుంది, మరోవైపు కొరికితే పొట్టిదవుతుంది. ఫ్లై అగారిక్ తిన్నవారికి వస్తువుల పరిమాణం తారుమారుగా కనిపిస్తుందని 1860లో మోర్డెకాయ్ కుక్ అనే శాస్త్రవేత్త మత్తుపదార్థాల మీద రాసిన పుస్తకంలో ఉంది. లూయిస్ కరోల్‌కు ఆ సంగతి చెవిన పడే ఉంటుందని కొందరి ఊహ.

తింటే ఏమవుతుంది?

అరగంట నుంచి గంటన్నర లోపు మొదలవుతుంది. కడుపులో తిప్పడం, వాంతి, చెమటలు. తర్వాత కాళ్లు తేలిపోతాయి, నడక తూలుతుంది. మాట ముద్దవుతుంది. ఒకసారి నవ్వు, ఒకసారి కోపం, అరుపులు. శబ్దాలు, ఆకారాలు వక్రంగా అనిపిస్తాయి. కాసేపు ఆవేశం, కాసేపు మగత... ఇలా మారిమారి వచ్చి చివరికి లేపినా లేవనంత గాఢనిద్ర. కొందరికి, ముఖ్యంగా పిల్లలకు, ఫిట్స్ రావచ్చు. చాలామంది ఓ రోజులో కోలుకుంటారు. ఆ మధ్యలో జరిగింది సరిగా గుర్తుండదు.

ఇదంతా చేసేవి రెండు రసాయనాలు. ఒకటి ఐబోటెనిక్ ఆమ్లం. రెండోది మస్కిమాల్. మన మెదడును ఓ బండి అనుకుంటే ఐబోటెనిక్ ఆమ్లం యాక్సిలరేటర్ తొక్కుతుంది, మస్కిమాల్ బ్రేకు వేస్తుంది. రెండూ ఒకేసారి పనిచేయడం వల్లే ఆ ఉద్రేకం, ఆ మగత. పుట్టగొడుగు ఎండేటప్పుడు మొదటిది కొంత రెండోదిగా మారుతుంది. ఏ పుట్టగొడుగులో ఏది ఎంతుందో చూసి చెప్పడం అసాధ్యం. పక్కపక్కన మొలిచిన రెండింటిలోనే తేడా ఉండొచ్చు. కూరలా వండినంత మాత్రాన విషం విరగదు.

దీనివల్ల చావు అరుదే కానీ లేకపోలేదు. 1897లో వాషింగ్టన్‌లో కౌంట్ డి వెక్కీ అనే ఇటలీ దౌత్యవేత్త ఉదయం ఫలహారంలో వీటిని తిని ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆయన దేశంలో ‘సీజర్ పుట్టగొడుగు’ అనే నారింజరంగు రకాన్ని రాజభోగంలా తింటారు. అది కూడా ఈ అమనిటా కుటుంబానిదే. అదే అనుకుని మోసపోయాడు. ఆయనతో కలిసి తిన్న మిత్రుడు బతికి బయటపడ్డాడు.

పేరొకటి... విషం మరొకటి

వైద్యచరిత్రలో ఈ పుట్టగొడుగు చేసిన అసలు గారడీ ఒకటుంది. 1869లో ఇద్దరు శాస్త్రవేత్తలు, ష్మీడెబెర్గ్, కొప్పె, దీన్నుంచి మస్కరిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది శరీరంలోకి వెళ్తే కన్నీళ్లు, చొంగ, చెమట ధారగా కారతాయి, గుండె నెమ్మదిస్తుంది. నరాలు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడానికి అది ఎంత ఉపయోగపడిందంటే, ఇవాళ వైద్యవిద్యార్థులు చదివే ‘మస్కరినిక్’ గ్రాహకాలకు ఆ పేరు దాన్నుంచే వచ్చింది.

‘దొంగ దొరికాడు’ అనుకున్నారంతా. మస్కరిన్‌కు విరుగుడు అట్రోపిన్ కాబట్టి ఫ్లై అగారిక్ తిన్నవారికి అట్రోపిన్ ఇవ్వాలని పుస్తకాలు రాసేశాయి. మన ప్రాంతంలో పురుగుమందు తాగినవారిని కాపాడటానికి ఆసుపత్రుల్లో వాడేది ఆ అట్రోపిన్‌నే. కానీ ఈ పుట్టగొడుగులో మస్కరిన్ ఉన్నది లెక్కలోకి రానంత తక్కువ! అసలు దోషులు ఐబోటెనిక్ ఆమ్లం, మస్కిమాల్ అని 1960లలో జపాన్, ఇంగ్లండ్, స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తల పరిశోధనల్లో బయటపడింది. అంటే దాదాపు వందేళ్లు దొంగ ఒకడైతే శిక్ష ఇంకొకడికి పడింది. పైగా భ్రాంతిలో ఉన్న రోగికి అట్రోపిన్ ఇస్తే ఆ భ్రాంతి మరింత ముదిరే ప్రమాదముంది. ఉమ్మెత్త తిన్నవారి పరిస్థితి ఎలా ఉంటుందో మన పల్లెల్లో చాలామందికి తెలుసు. ఉమ్మెత్తలో ఉండేవీ అట్రోపిన్ తరహా పదార్థాలే.

ఇప్పటికీ దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. రోగిని కనిపెట్టుకుని ఉంటూ, ఫిట్స్ వస్తే తగ్గించే మందులిస్తూ, మత్తు దిగేదాకా కాపాడటమే వైద్యం.

చాక్లెట్ రేపర్లో...

ఇదంతా పాతకథ అనుకుంటే పొరపాటే. కొన్నేళ్లుగా అమెరికాలో ఈ పుట్టగొడుగు సారాన్ని జెల్లీ మిఠాయిల్లో, చాక్లెట్లలో కలిపి రంగురంగుల రేపర్లలో అమ్మడం మొదలుపెట్టారు. ‘ఒత్తిడి పోతుంది, నిద్ర పడుతుంది’ అని ప్రచారం. 2024లో అక్కడ ఓ రకం చాక్లెట్లు తిని అనేక రాష్ట్రాల్లో 180 మంది జబ్బుపడ్డారు. వాళ్లలో 73 మంది ఆసుపత్రిలో చేరారు. పరీక్షిస్తే వాటిలో కొన్నింటిలో మస్కిమాల్‌తోపాటు పైన రాయని మందులూ బయటపడ్డాయి. అదే ఏడాది డిసెంబరులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఈ పుట్టగొడుగునూ దాని సారాన్నీ తినే పదార్థాల్లో వాడటానికి అనుమతి లేదని స్పష్టం చేసింది. మన పిల్లలు వేలమంది ఆ దేశంలో చదువుకుంటున్నారు. ‘సహజమైనది, మొక్కల నుంచి తీసింది’ అన్న మాట చూసి నోట్లో వేసుకునేముందు ఒక్కక్షణం ఆగమని వాళ్లకు చెప్పాల్సింది మనమే.

ఇక్కడా అంతే. కొడైకెనాల్ లాంటి చోట్ల పర్యటకులకు ‘మ్యాజిక్’ పేరుతో గుట్టుగా అమ్మే పుట్టగొడుగులు వేరే జాతివి. వాటిలోని మత్తు సిలోసిబిన్. మాదకద్రవ్యాల చట్టం కింద అది నేరం. అమ్మేవాడు ఏది ఇస్తున్నాడో అతనికే తెలుసన్న నమ్మకమూ లేదు.

మన గొడుగుల మాటేమిటి?

తొలకరి పడగానే చెదపుట్టల దగ్గర మొలిచే వాటిని ఏరుకొచ్చి కూర వండుకోవడం మనకు తరతరాల అలవాటు. పుట్ట దగ్గర పుట్టేది కాబట్టే అది పుట్టగొడుగు. తినకూడని వాటికి కుక్కగొడుగులని పేరుపెట్టి పెద్దలు వేరుచేశారు కూడా. ఆ పరిజ్ఞానం ఉన్నవాళ్లు ఇప్పుడు తగ్గిపోతున్నారు. ఏరే చేతులు మాత్రం తగ్గలేదు.

గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఫ్లై అగారిక్ తన ఎర్రరంగుతో ముందే హెచ్చరిస్తుంది. అదే అమనిటా కుటుంబంలోని ‘డెత్ క్యాప్’ లేతపచ్చగా, సాధువులా ఉంటుంది. తిన్న వెంటనే ఏమీ కాదు. ఆరు గంటలు, ఒక్కోసారి అంతకు మించి గడిచాక వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. తర్వాత తగ్గినట్టే ఉంటుంది. ఆలోగా లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో విషపు పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. ఎక్కువమంది తేయాకు తోటల్లో పనిచేసే కుటుంబాలవాళ్లు. అందరూ ఎప్పటిలాగే కూర వండుకున్నవాళ్లే.

అందుకే ఈ జాగ్రత్తలు...

* వెండి నాణెం వేస్తే నల్లబడుతుందనీ, పురుగు పట్టినదైతే మంచిదనీ, పశువు తింటే మనమూ తినొచ్చనీ చెప్పేవన్నీ ఉత్త మాటలు. విషాన్ని పట్టిచ్చే వంటింటి పరీక్ష ఏదీ లేదు.

* కచ్చితంగా తెలియని పుట్టగొడుగును రుచి కూడా చూడొద్దు. ఫోన్లో ఫొటో చూసి పోల్చుకోవడం చాలదు. బజారులో పెంపకం రకాలు దొరుకుతున్నాయి.

* తిన్నాక వాంతులు, మగత, తికమక మాటలు కనిపిస్తే ఇంటి వైద్యం వద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆలస్యంగా మొదలైన లక్షణాలే ఎక్కువ ప్రమాదకరం.

* మిగిలిన పుట్టగొడుగునో కూరనో కవర్లో వేసి డాక్టరుకు చూపించండి. ఏది తిన్నారో తెలిస్తేనే ఏ వైద్యమో తెలుస్తుంది.

* పెరట్లో, పార్కులో మొలిచినవాటిని పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి. బొమ్మల పుస్తకం తిరగేసేటప్పుడే ‘ఇది చూడటానికే, తినడానికి కాదు’ అని ఓ మాట చెప్పండి.

కొర్యాకుల బొంతకాకికి అది బలమిచ్చింది. వాసన్‌కు నిద్రిచ్చింది. ఇటలీ దౌత్యవేత్త ప్రాణం తీసింది. పుట్టగొడుగు మాత్రం ఎవరినీ పిలవలేదు. తన బర్చ్ చెట్టు కింద, తన ఎర్రటోపీ పెట్టుకుని, తన మానాన తాను నిలబడింది. చూసి మురిసిపోయి ముందుకు నడిస్తే దానికీ క్షేమం... మనకూ క్షేమం!